ప్రాగ్‌కి ఒక్కదాన్నే వెళ్ళొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. జర్మనీలో, డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది చదువుతున్నాను. క్రిస్మస్ సెలవులకి నా రూమ్మేట్లు ఇద్దరూ ఇండియా వెళ్తున్నారు. టికెట్ రేట్లు చూసి నేను ఆగిపోయాను. పార్ట్‌టైమ్ డబ్బులతో ఈమధ్యే ఒక సెకండ్‌హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. డిసెంబర్ 22 నుంచి 26 దాకా పక్కనే చెక్ దేశంలో ఉన్న ప్రాగ్ వెళ్ళి ఫోటోలు తీసుకోవాలని ఉంది. అమ్మేమో "ఊరు కాని ఊరికి ఒక్కదానివే ఎందుకే, అందులోనూ ఆ చలిలో" అంటోంది. ఫ్రెండ్స్ "నాలుగు రోజులు ఒక్కదానివే ఏం చేస్తావ్" అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ టెన్షన్‌గానే ఉంది. నలుగురిలో కెమెరా బయటికి తీయాలంటే మొహమాటం. పైగా అందరూ తీసిన ఫోటోలే కదా నేనూ తీసేది అనిపిస్తోంది. వెళ్ళమంటారా, మానుకోమంటారా?

సమాధానం: వెళ్ళు చెల్లీ. ఇవాళే టికెట్ తీసుకో.

ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు. కొన్నేళ్ళ కిందట ఒక జనవరిలో నేను అదే ఊళ్ళో ఐదు రోజులు ఒక్కదాన్నే కెమెరా మెడలో వేసుకుని తిరిగాను. అందులో రెండు సాయంత్రాలు చాలా కష్టంగా గడిచాయి. మిగతావన్నీ ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ రెండు సాయంత్రాలు నీకు రాకూడదనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు మీ ఫ్రెండ్స్ అడిగిన మాట. ఒక్కదానివే ఏం చేస్తావని. ఫోటో అంటే ఎక్కువ భాగం ఎదురుచూడటమే. వెలుగు పడే దాకా నిలబడాలి. ట్రామ్ మలుపు తిరిగే దాకా నిలబడాలి. గొడుగు వేసుకున్న ముసలాయన నువ్వు అనుకున్న చోటికి నడిచొచ్చే దాకా నిలబడాలి. పక్కన ఎంత మంచి స్నేహితురాలున్నా పదో నిమిషానికి "అయిందా, పోదామా" అంటుంది. ఆ చలిలో అలా అనడంలో ఆమె తప్పేం లేదు. ఆమె కాళ్ళు గడ్డ కడుతున్నాయని నీకూ తెలుసు కాబట్టి, ఫోటో సగంలో వదిలేసి వెళ్ళిపోతావు. నలుగురితో వెళ్ళిన ఊళ్ళలో నేను తీసినవన్నీ మేం నలుగురం నిలబడి ఉన్న ఫోటోలే. ఊరు కనిపించే ఫోటోలు ఒక్కదాన్నే వెళ్ళినప్పుడే వచ్చాయి.

ఇక చలికాలం అంటావా, కొత్తగా కెమెరా పట్టినవాళ్ళకి అంతకన్నా మంచి కాలం లేదని నా నమ్మకం. జూన్‌లో ప్రాగ్‌లో ఐదు గంటలకి ముందే తెల్లారిపోతుంది. చార్లెస్ బ్రిడ్జి ఖాళీగా కనపడాలంటే నాలుగింటికి లేవాలి. నువ్వు వెళ్ళే రోజుల్లో సూర్యోదయం ఇంచుమించు ఎనిమిదికి. ఏడుంబావుకి వంతెన మీదికి చేరితే చాలు, ఆకాశం ముదురు నీలంలో ఉంటుంది, దీపాలు ఇంకా వెలుగుతుంటాయి, జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. సూర్యుడు వచ్చాక కూడా పెద్దగా పైకి ఎక్కడు. ఖమ్మంలో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి వస్తే, ప్రాగ్‌లో 17 డిగ్రీలు కూడా దాటడు. మబ్బు లేని రోజైతే మన దగ్గర సాయంత్రం నాలుగున్నరకి పడే ఏటవాలు వెలుగు అక్కడ పొద్దంతా పడుతూనే ఉంటుంది. గోడల మీద నీడలు పొడుగ్గా సాగుతాయి. అలాంటి రోజు ఒక్కటి దొరికినా మధ్యాహ్నం గదిలో కూర్చోకు.

అయితే మబ్బు రోజులే ఎక్కువ. మంచు పడుతుందని ఆశ పెట్టుకోకు, పడొచ్చు, పడకపోవచ్చు. ఆకాశం బూడిద రంగులో ఉంటే నిరుత్సాహపడకుండా ఫ్రేములోంచి ఆకాశాన్నే తీసెయ్. కెమెరా కిందికి దించు. తడిసిన రాళ్ళ వీధులు, వాటి మీద దీపాల నీడలు, ఆ బూడిద రంగులో దూసుకొచ్చే ఎర్ర ట్రామ్‌లు, కిటికీల్లో పసుపు వెలుగు, ఇవన్నీ ఎండ రోజున ఇంత అందంగా ఉండవు. వల్తావా నది మీద పొగమంచు లేచిన పొద్దున దొరికితే నీ అదృష్టం.

అందరూ తీసినవే కదా అన్నావు. ఈ దిగులు నాకూ ఉండేది. అది పోగొట్టింది ఆ ఊరివాడే, యోసెఫ్ సుదెక్ అనే ఫోటోగ్రాఫర్. 1896లో పుట్టాడు. బుక్ బైండింగ్ పని నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో ఇటలీ మీద పోరాడుతూ గాయపడి కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. బైండింగ్ పని ఇక కుదరదు. మిగిలిన ఒక్క చేత్తో బరువైన పెద్ద కెమెరా, స్టాండు మోసుకుంటూ 1976లో పోయే దాకా ఎక్కువగా ఆ ఒక్క ఊరినే తీశాడు. 1940లో జర్మన్ల ఆక్రమణ రోజుల్లో తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టాడు. 1954 దాకా, అంటే పద్నాలుగేళ్ళ పాటు, మళ్ళీ మళ్ళీ అదే కిటికీ. అద్దం మీద పట్టిన ఆవిరి, జారే నీటి బొట్లు, బయట పెరట్లో వంకర తిరిగిన చెట్టు, గట్టు మీద గ్లాసులో ఒక పువ్వు. ప్రాగ్‌లో ఎన్నో గోపురాలు ఉండగా ఒక మనిషి ఒక్క కిటికీ ముందు అన్నేళ్ళు నిలబడ్డాడని తెలిశాక, నేను చార్లెస్ బ్రిడ్జిని ఎన్నో మనిషిగా తీస్తున్నానన్న లెక్క నా మనసులోంచి పోయింది. ఊయెజ్ద్ వీధిలో ఇళ్ళ వెనక పెరట్లో ఆయన స్టూడియోని మళ్ళీ కట్టి చిన్న గ్యాలరీగా పెట్టారు. ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో ముందే చూసుకుని ఒక్కసారి వెళ్ళిరా. వీధిలోంచి చూస్తే కనపడదు, లోపలికి నడవాలి.

అందుకని నీకు ఒక పని చెప్తాను. నాలుగు రోజుల్లో నలభై చోట్లు తిరగాలని లిస్టు రాసుకోకు. మూడు చోట్లు ఎంచుకో. ఒక్కో చోటికి మూడేసి సార్లు వెళ్ళు. పొద్దున ఏడున్నరకి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగుంబావుకి ఒకసారి. మొదటిసారి అందరూ తీసిన ఫోటోనే తీస్తావు, తీసెయ్, మోజు తీరిపోతుంది. నీ కళ్ళు పనిచేయడం మొదలయ్యేది రెండోసారి నుంచి.

నన్నడిగితే ఒకటి చార్లెస్ బ్రిడ్జే. 1357లో నాలుగో చార్లెస్ రాజు పునాది వేయించాడు. అర కిలోమీటరుకు కాస్త పైన పొడవు, రెండు వైపులా కలిపి ముప్పై విగ్రహాలు. పొద్దున పూట మాలా స్ట్రానా, అంటే కోట ఉన్న ఒడ్డు వైపు నుంచి ఓల్డ్ టౌన్ వైపు చూస్తూ నిలబడు, అటునుంచే తెల్లవారుతుంది, విగ్రహాలు వెలుగు మీద నల్లటి ఆకారాలై కనిపిస్తాయి. క్రిస్మస్ ముందు అడ్వెంట్ రోజుల్లో సాయంత్రం పాతకాలం దుస్తులు వేసుకున్న ఒకతను పొడుగాటి కర్రతో వంతెన మీది గ్యాస్ దీపాలు ఒక్కొక్కటే వెలిగించుకుంటూ పోతాడు. 22, 23 తేదీల్లో నీకు కనపడాలి. అందరూ అతని ముఖం వెంట పడతారు. నువ్వు రెండు దీపాలు ముందుకి వెళ్ళి నిలబడు, అతనే వస్తాడు. వంతెన కింద మాలా స్ట్రానా ఒడ్డున హంసలు గుంపుగా చేరే చోటు ఒకటుంది, అక్కడికీ దిగు.

రెండోది లెట్నా గుట్ట. అక్కడి నుంచి నది మీది వంతెనలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కనపడతాయి. మూడోది విషెహ్రాద్. పాత కోట గోడలు, లోపల చర్చి, పక్కన ద్వోర్జాక్, స్మెతానా లాంటి సంగీతకారుల సమాధులున్న తోట. అక్కడ తొందరపెట్టే గుంపులు ఉండవు, కోట గోడ మీద నడుస్తుంటే కింద నది కనపడుతుంది. ప్రాగ్ కోట, సెయింట్ వైటస్ కెథడ్రల్ ఎలాగూ చూస్తావు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. 1344లో మొదలై 1929కి పూర్తయిన గుడి అది. ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో 1410 నాటి గడియారం గంట కొట్టినప్పుడు బొమ్మలు తిరగడం ఒక్కసారి చూడు. రెండోసారి మాత్రం గడియారానికి వీపు పెట్టి, తలలెత్తి చూస్తున్న జనం ముఖాలు చూడు.

ఇప్పుడు చలి, కెమెరా. డ్రెస్డెన్‌లో ఒక చలికాలం గడిపావు కాబట్టి బట్టల గురించి నీకు చెప్పక్కర్లేదు అనుకోకు. క్లాసుకి గబగబా నడిచి వెళ్ళే చలి వేరు, ఒకే చోట ఇరవై నిమిషాలు నిలబడే చలి వేరు. రెండోది అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. మందపాటి ఊలు సాక్సులు, జారని అడుగున్న బూట్లు తప్పనిసరి. మంచు గడ్డ కట్టిన రాళ్ళ వీధుల్లో చేతిలో కెమెరాతో జారిపడితే రెండూ విరుగుతాయి. చేతులకి పల్చటి గ్లవ్స్ ఒక జత, వాటి మీద లావువి ఇంకో జత. మీట నొక్కేటప్పుడు లావువి మాత్రమే తీయి.

చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. ఇంట్లో మూడొందల ఫోటోలు వచ్చే బ్యాటరీ అక్కడ సగంలోనే ఎర్ర గుర్తు చూపించొచ్చు. అయిపోయిందని భయపడకు. లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనేలా ఇంకో బ్యాటరీ పెట్టుకో, మార్చు. తీసేసినది వెచ్చబడ్డాక మళ్ళీ కాసేపు పనిచేస్తుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకొకటి. మూడో రోజు కోట గుట్ట మీద రెండు గంటలు తిరిగి, వణుకుతూ ఒక కాఫీ షాపులో దూరి, కూర్చోగానే కెమెరా బయటికి తీశాను. కళ్ళముందే లెన్సు తెల్లబడిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకి చెమట పట్టినట్టే. కంగారులో లెన్సు ఊడదీశాను, ఆ వెచ్చటి తడి గాలి లోపలికి కూడా పోయింది. ఆ సాయంత్రం ఇక ఒక్క ఫోటో లేదు, రాత్రంతా కెమెరా పాడైపోయిందేమోనని నిద్రా లేదు. నువ్వు ఒక పెద్ద జిప్‌లాక్ కవర్ దగ్గర పెట్టుకో. తలుపు తీసి లోపలికి వెళ్ళే ముందే, బయటే, కెమెరాని అందులో పెట్టి మూసెయ్. లోపల గంటసేపు తెరవకు. చెమట కవర్ మీద పడుతుంది, కెమెరా మీద కాదు. మెమరీ కార్డు కావాలంటే అది కూడా బయటే తీసుకో. బయట మంచు పడుతుండగా లెన్సులు మార్చకు. అసలు ఒక్క లెన్సుతోనే వెళ్ళమని నా సలహా, బరువు తగ్గుతుంది, ఏది వాడాలన్న ఆలోచనా ఉండదు.

మంచు పడితే ఒక్క విషయం గుర్తుంచుకో. కెమెరా ప్రతి దృశ్యాన్నీ మధ్యస్తం వెలుగుకి లాగాలని చూస్తుంది, తెల్లటి మంచుని బూడిద రంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక పాయింటు పెంచు. రాత్రి ఫోటోలకి స్టాండు మోయక్కర్లేదు. వంతెన పిట్టగోడ మీద మఫ్లర్ మడతపెట్టి దాని మీద కెమెరా ఆనించి, బెల్టు చేతికి చుట్టుకుని, రెండు సెకన్ల టైమర్ పెట్టు.

ఇక ఆ కష్టమైన సాయంత్రాలు. దొంగల భయం కన్నా, చలి కన్నా ఇదే ముఖ్యం, జాగ్రత్తగా చదువు. నువ్వు వెళ్ళే రోజుల్లో సూర్యాస్తమయం నాలుగింటికి. నాలుగున్నర దాటితే చీకటే. పొద్దున్నుంచి నడిచి నడిచి అలిసిపోయి ఉంటావు. నేను గదికి వచ్చి మంచం మీద కూర్చుంటే టైమ్ ఇంకా ఐదే. కింద వీధిలో జనం జంటలు జంటలుగా నవ్వుకుంటూ పోతున్నారు. ఎందుకొచ్చానా అనిపించింది, ఏడుపొచ్చింది. అది ఒంటరితనమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆకలి, అలసట, చీకటి మూడూ కలిసి అలా అనిపించాయి. మధ్యాహ్నం సరిగా తినలేదు.

కాబట్టి మధ్యాహ్నం వేడిగా కూర్చుని తిను. పనిదినాల్లో చాలా హోటళ్ళలో మధ్యాహ్నం మెనూ రాత్రి కంటే తక్కువ ధరకి ఉంటుంది. శాకాహారివైతే వేయించిన జున్ను, ఉడికించిన బంగాళాదుంపలు దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. ఎండ పోయాక గదికి పోకు. నాలుగు నుంచి ఐదు వరకే ఫోటోలకి అన్నిటికన్నా మంచి గంట, ఆకాశంలో నీలం, దీపాల్లో పసుపు సమానంగా ఉండేది అప్పుడే. ఆ తర్వాత వెచ్చటి చోట కూర్చో. నేషనల్ థియేటర్ ఎదురుగా నది కనపడే కిటికీలున్న స్లావియా కెఫే ఉంది. లేదా 22 నంబరు ట్రామ్ ఎక్కి కూర్చుని చివరి దాకా వెళ్ళి తిరిగిరా. ఆవిరి పట్టిన ట్రామ్ అద్దంలోంచి దీపాల వీధులు చూస్తే సుదెక్ కిటికీ ఎందుకు అన్నేళ్ళు తీశాడో నీకే తెలుస్తుంది. వెచ్చటి లోపలి నుంచి తీసే ఫోటోలకి ఫోన్ చాలు.

అమ్మ సంగతి కూడా దీంతోనే తీరుతుంది. అక్కడ నాలుగైతే ఖమ్మంలో రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ వంట ముగించుకుని కూర్చునే వేళ. రోజూ ఎండ పోయేటప్పుడు ఆమెకి వీడియో కాల్ చెయ్. నువ్వున్న చోటు తిప్పి చూపించు, వంతెన చూపించు, హంసల్ని చూపించు. "భయం లేదమ్మా" అని వందసార్లు చెప్పినదాని కన్నా అది పనిచేస్తుంది. ఆ గంట నీకూ సులువుగా గడుస్తుంది. వెళ్ళే ముందు హాస్టల్ అడ్రసు, ఫోన్ నంబరు, రైలు వేళలు ఆమెకి పంపు. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకు. కూతురు ఎక్కడ పడుకుంటుందో తెలియకపోవడమే సగం భయం.

24వ తేదీ గురించి విడిగా చెప్పాలి. ఆ ఊళ్ళో పెద్ద పండగ 25 కాదు, 24 సాయంత్రం. నాలుగైదు రోజుల ముందు నుంచే వీధి మూలల్లో పెద్ద పెద్ద తొట్లలో బతికున్న చేపలు పెట్టి అమ్ముతారు, మన మార్కెట్లో కొర్రమీనుల్ని అమ్మినట్టే. అవి మన చెరువుల్లో పెంచే బంగారుతీగ చేపలు, పండగ రాత్రి చాలా ఇళ్ళలో అదే వేపుడు. 22, 23 పొద్దున్నే ఆ తొట్ల దగ్గర నిలబడు. ఆవిరి లేచే నీళ్ళు, రబ్బరు ఏప్రన్లు, బ్యాగు పట్టుకొచ్చిన ముసలమ్మలు, పిల్లల కళ్ళు. చార్లెస్ బ్రిడ్జి కన్నా నీ మంచి ఫోటో అక్కడ వస్తుందని నా అంచనా. చేపలమ్మే వీధులు నీకు చిన్నప్పటి నుంచి తెలుసు కదా, ఏ క్షణం నొక్కాలో నీకు తెలుస్తుంది.

24 మధ్యాహ్నానికి దుకాణాలు మూసేస్తారు. 25, 26 కూడా పెద్ద షాపులు తెరవరు. సాయంత్రం ట్రామ్‌లు తగ్గిపోతాయి, సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు వీధులు ఖాళీ. ముందుగా తెలియకపోతే ఆ నిశ్శబ్దం గుండెల మీద కూర్చుంటుంది. 23నే రొట్టె, జున్ను, పళ్ళు కొని పెట్టుకో. ఆ రోజు మాత్రం అమ్మతో చాలాసేపు మాట్లాడు. తర్వాత గంటసేపు బయటికి వెళ్ళి ఓల్డ్ టౌన్ వైపు నడువు, అక్కడ కాస్త జనం ఉంటారు. వెలుగుతున్న కిటికీలని కింది నుంచి చూడు. లోపలి మనుషుల్ని మాత్రం తీయకు, వాళ్ళ ఇల్లు అది.

మనుషుల ఫోటోల దగ్గర ఇదే నా మాట. గుంపుని తీస్తే సరే, ఒక్కరి ముఖం దగ్గరగా తీయాలంటే అడుగు. "దోబ్రీ దెన్" అని నమస్కారం చెప్పి, కెమెరా చూపించి "మూజు?" అంటే చాలు, తీయొచ్చా అని అర్థం. వద్దంటే నవ్వి వచ్చెయ్. పిల్లల్ని తల్లిదండ్రులని అడగకుండా తీయకు. మొహమాటం అన్నావు కదా, మన ఊళ్ళో కెమెరా తీస్తే పదిమంది చేరి "ఏ ఛానల్ అమ్మా" అంటారు, ఆ భయం నీలో ఉండిపోయింది. ప్రాగ్‌లో కెమెరా లేనివాళ్ళే తక్కువ. నిన్నెవరూ చూడరు. మొదటి రోజు పొద్దున ఏడింటికే మొదలుపెట్టు. చూసేవాళ్ళే లేని వేళ రెండు గంటలు తీశాక చెయ్యి అలవాటు పడుతుంది.

మిగతావి గబగబా. పాస్‌పోర్టు, జర్మన్ రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గరుండాలి. తిరిగొచ్చేటప్పుడు రైల్లో జర్మన్ పోలీసులు చూడొచ్చు. అక్కడ యూరో కాదు, కొరునా. వీధిలో పలకరించి డబ్బు మారుస్తాననే వాళ్ళ జోలికి పోకు, కార్డు వాడు, మెషీన్ యూరోల్లో తీయమంటావా అని అడిగితే కొరునాల్లోనే అను. కాగితం టికెట్ కొంటే పసుపు మెషీన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. జేబుదొంగలు ఉండేది 22 ట్రామ్‌లో, వంతెన మీద, గడియారం కింద. బ్యాగు ముందుకి, కెమెరా బెల్టు కోటు లోపలికి. ఆడపిల్లలకి విడిగా గది ఉన్న హాస్టల్, ట్రామ్ స్టాపుకి రెండు నిమిషాల్లో ఉండేది చూసుకో. వందో రెండొందలో కొరునాలు ఎక్కువైనా ఆలోచించకు. రాత్రి పొద్దుపోయాక మెయిన్ స్టేషన్ ముందున్న పార్కులోంచి నడవకు. తాగిన గుంపు ఎదురైతే రోడ్డు దాటెయ్. ఎమర్జెన్సీ నంబరు జర్మనీలోలాగే 112. ఏదైనా సందు చూసి మనసు వద్దంటే, అక్కడ ఎంత మంచి ఫోటో ఉన్నా వెనక్కి తిరుగు.

డ్రెస్డెన్ నుంచి రెండు గంటల పైన ప్రయాణం. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు చూసుకో. పిర్నా దాటగానే ఎల్బే నది ఆ వైపే పక్కన వచ్చి, సరిహద్దు దాటాక కూడా చాలా దూరం వదలదు. అవతలి ఒడ్డున ఇసుకరాయి కొండలు నిలువుగా లేచి ఉంటాయి. రైలు ఎక్కగానే కెమెరాని బ్యాగులోంచి తీసి ఒళ్ళో పెట్టుకో.